బార్సిలోనాలో ఎల్ బోర్న్: కూరగాయల మార్కెట్టు ఊరందరి హాలైంది

అమ్మ, మా ఆవిడ, నేను బార్సిలోనాలో నాలుగు రోజులున్నాం. సగ్రదా ఫమీలియా చర్చి చూశాం, గొప్పగా ఉంది, దాని గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది ఎల్ బోర్న్ అనే పాత మార్కెట్ హాలు.

మొదట సోమవారం వెళ్లాం, సోమవారం సెలవట, తలుపులు మూసేసి ఉన్నాయి. మీరు మాత్రం ముందే చూసుకుని వెళ్లండి. మర్నాడు మెట్రో పసుపు లైన్‌లో జౌమె-1 స్టేషన్‌లో దిగి, సందుల్లోంచి నడుచుకుంటూ వెళ్లాం.

1876 నాటి ఇనుప కట్టడం అది. సన్నటి స్తంభాలు, ఎక్కడో పైన కప్పు, చుట్టూ వెలుతురు. 1971లో హోల్‌సేల్ వ్యాపారం ఊరి బయటికి వెళ్లిపోయాక దీన్ని కూల్చేద్దామనుకుంటే ఆ పేటవాళ్లే పోట్లాడి ఆపారు. తర్వాత లైబ్రరీ చేద్దామని పని మొదలుపెడితే నేల కింద ఏకంగా ఓ పాత పేటే బయటపడింది! 1714లో స్పెయిన్ రాజు ఐదో ఫిలిప్ సైన్యం నగరాన్ని పట్టుకున్నాక, కోట కట్టడం కోసం నేలమట్టం చేయించిన ఇళ్లవి. దాంతో లైబ్రరీ మానేసి, ఆ శిథిలాలు పైనుంచి కనిపించేలా ఉంచి, 2013లో సాంస్కృతిక కేంద్రంగా తెరిచారు.

అమ్మ కటకటాలు పట్టుకుని చాలాసేపు కిందికే చూస్తూ నిలబడింది. "ఇదిగో గడప, ఇదేమో నీళ్లు పోయే కాలవ" అని నాకే చూపించింది. ఎవరిళ్లు వాళ్లనే కూల్చుకోమన్నారట అని చెబితే, "ఎలా చేతులొచ్చాయిరా" అని ఊరుకుంది.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, హాల్లోకి వెళ్లడానికి టికెట్ లేదు, ఎగ్జిబిషన్‌కి మాత్రమే ఉంది, కాబట్టి ఆ పేట పెద్దవాళ్లు కూడా ఊరికే వచ్చి ఓ చుట్టు చుట్టి వెళ్తున్నారు. కానీ మార్కెట్ సందడి మాత్రం పోయింది. అది కావాలంటే దగ్గర్లోనే సాంతా కాతెరీనా ఉంది, 2005లో రంగురంగుల పెంకుల కప్పు వేసి మళ్లీ తెరిచారు, ఇప్పటికీ కూరగాయలమ్ముతారు. మన హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌ని బాగుచేసినప్పుడు ఐస్‌క్రీమ్ షాపుల్ని అక్కడే ఉంచారు చూడండి, ఆ పద్ధతే నాకు ఎక్కువ ఇష్టం.

బస గురించి ఒక మాట. మేం ఆ సందుల్లోనే గది తీసుకున్నాం, అన్నీ నడక దూరమే, కానీ రాత్రి రెండింటి దాకా కింద గోల, అమ్మకి నిద్ర లేదు. పెద్దవాళ్లతో వెళ్తే వీధి వైపు గది వద్దని ముందే చెప్పండి. గది అద్దెకి తోడు టూరిస్ట్ టాక్స్ కూడా విడిగా కట్టాం. శాకాహారులకి టమాటా రుద్దిన బ్రెడ్ దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది, అమ్మకి అదే ఆధారమైంది.

ఎల్ బోర్న్ పక్కనే సియుతదేల్లా పార్కు. ఆ ఇళ్లు కూల్చి కట్టిన కోట ఉండేది ఇక్కడే, తర్వాత దాన్నీ కూల్చి తోట చేశారు. చెరువులో పడవలున్నాయి, పిల్లలుంటే ఓ గంట ఎక్కువ పెట్టుకోండి.