పెరటి గచ్చుకి ఏది మేలు: ఇంటర్‌లాక్ బ్లాకులా, కడప రాయా, తాండూరు బండలా?

చెన్నైలో ఇంటి వెనకాల కాస్త పెరడు మిగలడమే గొప్ప. అంబత్తూరు, కొళత్తూరు, మేడవాక్కం వైపు పాత ప్లాట్లలో ఇంకా అలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. మట్టిగా వదిలేస్తే వానాకాలం బురద, ఆ తర్వాత గడ్డి, పురుగూ పుట్రా. అందుకని చాలామంది గచ్చు చేయించేస్తారు. చేయించేటప్పుడు అందరూ ఆలోచించేది అక్టోబరు, నవంబరు వానల గురించి. కానీ ఆ గచ్చుకి అసలు పరీక్ష మే నెలలో మొదలవుతుంది. ఇక్కడి తమిళులు అగ్ని నక్షత్రం అని పిలిచే మే నెల మండుటెండలు ముగిసే రోజులకి మన రోహిణి కార్తె వచ్చేస్తుంది. చెన్నై నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైన 2003 మే 31 కూడా రోహిణి కార్తెలోదే. రోళ్ళు పగిలే ఎండలో బండలు మాత్రం ఊరుకుంటాయా?

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి మూడు: సిమెంటు ఇంటర్‌లాక్ బ్లాకులు, కడప నల్లరాయి, తాండూరు బండలు. ఏది అందంగా ఉంటుందన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. మార్చి నుంచి జూన్ దాకా ఏది తక్కువ పని పెడుతుంది, ఏది కాళ్ళు కాల్చకుండా ఉంటుంది అన్నదే నేను ఇక్కడ చూస్తున్నాను.

ముందు కాళ్ళ సంగతి. కడప రాయి నలుపు, ఎండనంతా తాగేస్తుంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక దాని మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. రెండింటికో మూడింటికో సముద్రపు గాలి తిరిగినా, గాలి చల్లబడుతుంది కానీ రాయి చల్లబడదు. చీకటి పడేదాకా అది సెగ వదులుతూనే ఉంటుంది. అయితే ఈ సెగే పనికొచ్చే వాళ్ళున్నారు. అంబత్తూరులో మా పెద్దమ్మ వాళ్ళ పెరడంతా కడప రాయే. గుడ్డ పరిచి వడియాలు పెడితే పైన ఎండ, కింద వేడి, సాయంత్రానికే గలగలమంటాయి. ఊరమిరపకాయలకీ, మామిడి ఒరుగులకీ అంతే. కాకపోతే మధ్యలో తిరగేయడానికి వెళ్ళేటప్పుడు, "ఒరేయ్, చెప్పులేసుకుని రారా, అరికాళ్ళు ఊడొస్తాయి" అని వంటింటి గుమ్మంలోంచే కేకేస్తుంది.

తాండూరు బండ బూడిద కలిసిన నీలం రంగులోనో, పసుపు రంగులోనో దొరుకుతుంది. లేత రంగు కాబట్టి కడప రాయంత కాలదు. మూడింట్లో పసుపు తాండూరుదే ఈ విషయంలో పైచేయి. ఇంటర్‌లాక్ బ్లాకుల్లో రంగును బట్టి ఉంటుంది. షాపులో ఎరుపు, నలుపు కలిపి డిజైన్ వేసి చూపిస్తే ముచ్చటగానే ఉంటుంది. పెరట్లో ఎండ పడే చోటికి మాత్రం రంగు కలపని మామూలు బూడిద రంగు బ్లాకే తీసుకోండి. వేడీ తక్కువ, వెలిసిపోయిందన్న బాధా తక్కువ.

రెండోది సందులు. గచ్చు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది రాయి కంటే రాయికీ రాయికీ మధ్య ఉన్న సందు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. ఏ రాయైనా, ఏ సిమెంటైనా వేడికి సాగుతుంది. పది మీటర్ల పొడవు కాంక్రీటు ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అటూ ఇటూ గోడలు, మధ్యలో బండలన్నీ సిమెంటుతో బిగించేసి ఉంటే ఆ మూడు మిల్లీమీటర్లకి పోవడానికి చోటుండదు. ఏదో ఒక బండ ఉబ్బి లేస్తుంది, లేదా అంచు పెట్లుతుంది. కడప రాయి, తాండూరు బండలు పరిచేటప్పుడు మన మేస్త్రీలు సందు లేకుండా అతికించి, తెల్ల సిమెంటు పూసి శభాష్ అనిపించుకుంటారు. హాల్లో అయితే సరే. పెరట్లో మాత్రం గోడ వెంబడి చిటికెన వేలు పట్టేంత ఖాళీ వదిలి ఇసుక నింపమని ముందే చెప్పాలి. పని అయిపోయాక చెబితే ఎవరూ వినరు.

ఇంటర్‌లాక్ బ్లాకులకి ఈ టెన్షన్ లేదు. కింద ఇసుక పరుపు, మధ్యలో ఇసుక సందులు. వేడికి పెరిగినా ఆ ఇసుకే సర్దుకుంటుంది. దాని బాధ వేరే. చీమలు కింది ఇసుకని తోడి పైన కుప్పలు పోస్తాయి. సందుల్లో గరిక మొలుస్తుంది. ఇసుక తగ్గిన చోట బ్లాకు కదలడం మొదలవుతుంది, ఒకటి కదిలితే పక్కవీ వదులవుతాయి. పళ్ళిక్కరణై చిత్తడి నేలల చుట్టుపక్కల, వేళచ్చేరి వైపు బంకమట్టి నేలల్లో ఇంకో తంటా ఉంది. ఎండకి మట్టి కుంచించుకుపోయి అక్కడక్కడా బ్లాకులు దిగిపోతాయి. బీసెంట్ నగర్ లాంటి ఇసుక నేలల్లో ఇది అంతగా కనిపించదు.

ఈ బాధలన్నింటికీ మందు మాత్రం తేలిక, అదీ వేసవిలోనే తేలిక. సందుల్లోకి ఇసుక దిగాలంటే ఇసుకా, బ్లాకూ రెండూ బాగా ఎండి ఉండాలి. ముందు గరికని వేళ్ళతో సహా లాగేయాలి. తర్వాత సన్నటి పొడి ఇసుకని గచ్చు మీద చల్లి చీపురుతో ఐమూలగా ఊడుస్తూ పోతే సందుల్లోకి జారిపోతుంది. కర్రదిమ్మెతో తడుతూ ఇంకోసారి ఊడవాలి. చివర్లో పల్చగా నీళ్ళు చిలకరిస్తే ఇసుక కూర్చుంటుంది. ఆ ఇసుక దగ్గరే ఉంది కదా అని బీచ్ నుంచి తెచ్చుకోకండి, అందులోని ఉప్పు బ్లాకుల మీద తెల్లగా పొడిలా తేలుతుంది. దిగిపోయిన చోట బ్లాకులు పీకి, కింద ఇసుక వేసి చదును చేసి, అవే బ్లాకులు మళ్ళీ పెట్టేయొచ్చు. కడప రాయి విరిగితే ఆ సౌకర్యం లేదు. కింది సిమెంటుతో సహా పగలగొట్టాలి, అదే మందం, అదే ఛాయ ఉన్న రాయి కోసం వెతకాలి.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఏరియాల్లో గచ్చు మీద నీళ్ళు ఆరిన ప్రతిసారీ తెల్లటి పొర మిగులుతుంది. కడప రాయి నలుపు మీద ఈ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆర్వో మెషీన్ వదిలే నీళ్ళు వృథా పోకుండా పెరట్లో చల్లేవాళ్ళున్నారు. ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్ళలో మామూలు నీళ్ళకంటే లవణాలు ఎక్కువ. రాతి మీద ఆరిపోతే మరకలు ఇంకా ముదురుతాయి. వాటిని బాత్రూములోకి వాడుకోవడం నయం.

తెల్లమరక చూడగానే చేయి యాసిడ్ సీసా మీదికి పోతుంది. కడప రాయి, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళు. యాసిడ్ పోస్తే బుసబుసమని నురగొచ్చి, మరకతో పాటు రాతి పైపొర కూడా పోతుంది. నునుపు చెడిన చోట మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. యాసిడ్ దాకా ఎందుకు, చింతపండుతో పూజ సామాను తోమే చోట కడప రాయిని గమనించండి. చెంబు పెట్టిన చోటల్లా పాలిపోయిన గుండ్రటి మచ్చలుంటాయి. ఆ పని సింకులోనో, ప్లాస్టిక్ తొట్టిలోనో చేసుకుంటే రాయి బతుకుతుంది. సిమెంటు బ్లాకులకీ యాసిడ్ మంచిది కాదు. కొత్తగా వేసిన బ్లాకుల మీద తేలే తెల్లపొడి చాలావరకు వానలకి దానంతటదే తగ్గిపోతుంది. ఈలోగా పొడి బ్రష్షుతో రుద్ది ఎత్తేస్తే చాలు.

ఎండగా ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం నీళ్ళు గుమ్మరించడం చెన్నైలో పెద్దగా లాభం లేని పని. గాలిలో అసలే తేమ ఎక్కువ, పైగా కాలిన గచ్చు మీంచి ఆవిరి లేస్తే ఉక్కపోత రెట్టింపవుతుంది. పొద్దు వాలాక, గాలి ఆడుతున్నప్పుడు పల్చగా కళ్ళాపి చల్లితే చాలు. అదీ మెట్రో నీళ్ళతో, అంటే ఊరికి కుళాయిల్లో వచ్చే నీళ్ళతో, వద్దు. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, ఊరికి నీళ్ళిచ్చే ఈ నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊరు ఇది. ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్ళు కాలువ పట్టుకుని ఇంత దూరం వచ్చేది బండలు కడుక్కోవడానికి కాదు.

ఊడవడానికి కొబ్బరి ఈనెల చీపురే బాగుంటుంది. ప్రెషర్ వాషర్‌తో బ్లాకులు కొడితే సందుల్లో ఇసుకంతా ఎగిరిపోతుంది, నింపిన కష్టం వృథా. పొరలు పొరలుగా ఉండే రాతి మీద దగ్గర నుంచి కొడితే పెచ్చులు లేస్తాయి. వేపచెట్టు కింద అయితే జూన్‌లో పళ్ళు రాలి జిగురుగా అంటుకుంటాయి. అవి ఎండి నల్లబడకముందే ఎత్తేయాలి, దీనికి మూడింట్లో ఏదీ మినహాయింపు కాదు.

నలుపు పోయిందని కడప రాయికి నూనె పూసేవాళ్ళున్నారు. రెండు రోజులు మెరుస్తుంది, మూడో రోజు నుంచి వీధి దుమ్మంతా దానికే. సీలర్ (రాతికి రక్షణగా వేసే పూత) కొట్టించాలనుకుంటే రాయి పూర్తిగా ఆరి ఉన్నప్పుడు, పొద్దున్నే కొట్టించండి. కాలే రాతి మీద కొడితే పైపైనే ఆరిపోయి బుడగలు వస్తాయి. నిగనిగలాడే రకం తడిస్తే జారుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో అది వద్దేవద్దు.

సీలర్‌కి పెట్టే డబ్బు నీడకి పెట్టమంటాను. ఆకుపచ్చ షేడ్ నెట్ సులువే, కానీ గాలి ఆడేంత ఎత్తులో కట్టాలి. కొబ్బరాకుల పందిరి ఇంకా చల్లన. దానికి నిప్పు భయం ఉంది, ఏటా మార్చాలి. నీడ పడ్డ కడప రాయి ఎండలో ఉన్న తాండూరు బండ కంటే హాయిగా ఉంటుంది. ఉన్న గచ్చు నచ్చలేదని పీకించే ముందు ఒక వేసవి పందిరి వేసి చూడటం మంచిది.

ఈ మూడూ కాకుండా చూస్తే, గ్రానైట్ యాసిడ్‌కి తట్టుకుంటుంది, మరకలు తక్కువ. కానీ ముదురు రంగుదైతే కడప రాయిలాగే కాలుతుంది, ధర కూడా ఎక్కువ. నున్నటి టైల్స్ పెరటికి పనికిరావు. అంతకుమించి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

కొత్తగా వేయించేవాళ్ళకి నా ఓటు బూడిద రంగు ఇంటర్‌లాక్ బ్లాకులకే. స్కూటరో కారో ఎక్కుతుందంటే 60 మిల్లీమీటర్ల మందానికి తగ్గొద్దు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి. సందుల్లోంచి కొంత నీళ్ళు నేలలోకి దిగుతాయి, మిగతావి ఇంకుడుగుంత వైపు వాలు పెడితే చేరతాయి. సిమెంటుతో బిగించిన రాతి గచ్చులో మొత్తం భారం ఆ వాలు మీదే. పెద్దవాళ్ళు కుర్చీ వేసుకుని కూర్చునే మూల ఒకటి ఉంటే అక్కడ మాత్రం పసుపు తాండూరు బండలు పరిపించండి. చదునుగా ఉంటాయి, కర్ర ఆనించినా కుర్చీ జరిపినా ఎక్కడా ఇరుక్కోవు. గిన్నెలు తోమే చోటుకి సున్నపురాయి కాకుండా గ్రానైట్ ముక్కలు వేయించుకోవచ్చు, కటింగ్‌లో మిగిలినవి చవకగా దొరుకుతాయి.

బ్లాకులు కొనేటప్పుడు లెక్కకి మించి కొన్ని ఎక్కువ తీసుకుని మెట్ల కింద పెట్టుకోండి. మరుసటి ఏడు ఒకటి పగిలితే అదే షాపుకి వెళ్ళినా ఆ ఛాయ దొరకదు.