రాత్రి కరెంటు చవక అని స్టోరేజ్ హీటర్ల ఫ్లాట్ తీసుకుంటున్నారా? ముందు ఆ రాత్రి రేటు ఎంతో చూడండి

యూకేలో ఇల్లు వెతుకుతున్న మనవాళ్లకి, ముఖ్యంగా గ్యాస్ కనెక్షన్ లేని ఫ్లాట్ చూస్తున్నవాళ్లకి ఈ హెచ్చరిక. లీడ్స్‌లో రెండు చలికాలాలు గడిపాక మాకు తెలిసొచ్చిన సంగతి ఇది. తెలిసిరావడానికి అయిన ఖర్చు ఏడాదికి దాదాపు 200 పౌండ్లు.

ఫ్లాట్ చూడటానికి వెళ్లిన రోజు గోడలకి బీరువా పడుకోబెట్టినట్టు మూడు బరువైన తెల్ల పెట్టెలు కనిపించాయి. ఇవేంటి అని అడిగితే లెట్టింగ్ ఏజెంట్ నవ్వుతూ, "స్టోరేజ్ హీటర్లు. ఎకానమీ సెవెన్ మీటర్ ఉంది, రాత్రి కరెంటు సగం ధరే, బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు" అన్నాడు. అబద్ధమేమీ కాదు. మేము చేరిన రోజు మా ఫిక్స్‌డ్ డీల్‌లో (గడువు దాకా రేటు మారని ఒప్పందం) పగలు యూనిట్ 31 పెన్స్, రాత్రి 13.5 పెన్స్. సగం కన్నా తక్కువే.

తెలియనివాళ్లకి ఒక్క మాట. ఆ పెట్టెల నిండా ఇటుకలే. రాత్రి ఏడు గంటల చవక కరెంటుతో హీటర్ వాటిని బాగా కాగబెట్టి ఉంచుతుంది, పగలంతా ఆ వేడి మెల్లగా బయటికొస్తుంది. మే నెలలో ఎండకి కాగిన మన డాబా అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుందే, అదే సూత్రం. కాకపోతే ఇక్కడ ఆ సెగకి డబ్బు కట్టాలి. రాత్రి ఏడు గంటలకి ఒక రేటు, మిగతా సమయానికి ఇంకో రేటు వేసే ఈ ఎకానమీ సెవెన్ వచ్చింది 1978లో. రాత్రిపూట వాడేవాళ్లు తక్కువ, కరెంటు ప్లాంట్లనేమో రోజూ ఆపి మళ్లీ నడపడం కష్టం, కాబట్టి ఆ మిగులు కరెంటు చవకగా ఇచ్చేద్దామన్న ఆలోచన.

ఫోన్లో మా నాన్నకి చెబితే పకపకా నవ్వారు. మాది ఖమ్మం వైపు పల్లె. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఏడు గంటల ఉచిత కరెంటు ఇచ్చిన రోజుల్లో, అది రాత్రి వంతు పడితే టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పోయేవారు. "అంత దూరం పోయి కూడా ఏడు గంటల రాత్రి కరెంటేనా తల్లీ?" అన్నారు.

అసలు విషయానికొస్తాను. ఫిక్స్‌డ్ డీల్ గడువు దగ్గరపడ్డాక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. గడువు తర్వాత వాళ్ల స్టాండర్డ్ వేరియబుల్ టారిఫ్‌లోకి (రేట్లు మారుతుండే మామూలు ప్లాన్) మారుస్తామని, పగటి రేటు 31 నుంచి 29 పెన్స్‌కి తగ్గుతుందని పైనే పెద్ద అక్షరాల్లో ఉంది. మా ఆయన "చూశావా, తగ్గింది" అన్నారు. నేనూ సరే అనుకున్నాను. రాత్రి రేటు 13.5 నుంచి 19 పెన్స్ అయిందన్న మాట కింద టేబుల్‌లో ఉంది. చూశాను కూడా. అయిదున్నర పెన్సే కదా అనుకున్నాను. నా తప్పు అక్కడే.

మా ఇంట్లో ఏడాదికి సుమారు 6,000 యూనిట్లు కాలుతాయి. హీటర్లు, నీళ్ల ట్యాంకు రాత్రే నడుస్తాయి కాబట్టి అందులో 70 శాతం, అంటే 4,200 యూనిట్లు రాత్రివే. పాత రేట్ల ప్రకారం రాత్రికి 567 పౌండ్లు, పగలుకి 558, మొత్తం 1,125. కొత్త రేట్ల ప్రకారం రాత్రికి 798, పగలుకి 522, మొత్తం 1,320. వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ చార్జ్ వేరే. పగటి రేటు తగ్గించి మిగిల్చింది 36 పౌండ్లు, రాత్రి రేటు పెంచి లాగింది 231 పౌండ్లు. మా హాల్లో హీటర్ 2.55 కిలోవాట్లది. ఏడు గంటలు నిండా చార్జ్ అయితే 18 యూనిట్ల దాకా లాగుతుంది. ఆ ఒక్క హీటర్‌కే రాత్రికి 2 పౌండ్ల 40 పెన్స్ అయ్యేది 3 పౌండ్ల 40 పెన్స్ అయింది. జనవరి బిల్లు చూసి ముందు మీటర్ పాడైందనుకున్నాం.

మరి రేట్లు ఇంతకి మించకూడదనే ప్రైస్ క్యాప్ ఉంది కదా అని నేనూ ఫోన్ చేసి అరిచాను. అవతలి అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. కరెంటు, గ్యాస్ కంపెనీల్ని అదుపు చేసే ఆఫ్‌జెమ్ 2019 జనవరి నుంచి క్యాప్ పెడుతోంది, ఇప్పుడు మూడు నెలలకోసారి మారుస్తోంది, నిజమే. కానీ రెండు రేట్ల మీటర్లకి పగలు ఇంతకి మించకూడదు, రాత్రి ఇంతకి మించకూడదు అని విడివిడిగా హద్దు లేదు. ఎకానమీ సెవెన్ ఇల్లు సగటున రాత్రి ఇంత వాడుతుందని ఒక అంచనా వేసుకుని, ఆ సగటు ధర హద్దు దాటకుండా చూస్తారు. ఆ లోపల పగలెంత, రాత్రెంత అనే పంపకం కంపెనీ చేతిలోదే. పగలు రెండు తగ్గించి రాత్రి అయిదు పెంచినా సగటులో పెద్ద తేడా కనిపించదు. మీటర్ ఎకానమీ సెవెన్‌దే అయినా హీటర్లు వాడని ఇంటికి ఇది పెద్దగా తెలియదు. దెబ్బంతా నిజంగా రాత్రి కరెంటుతో బతికేవాళ్లకి. రూల్ తప్పలేదు, మా జేబు మాత్రం ఖాళీ అయింది. ఎలక్ట్రిక్ కారున్న మా కొలీగ్ రాత్రి యూనిట్ 7 పెన్స్‌కి కొనుక్కుంటుంటే, చలికి వణికే మేము 19 కడుతున్నాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోపంలో ఇంకో తప్పు చేశాను. రాత్రి ఎంత వేడి నింపుకోవాలో చెప్పే ఇన్‌పుట్ బటన్ సగానికి తగ్గించి, సాయంత్రం చల్లబడ్డాక 2 కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ పెట్టుకున్నాం. నాలుగు గంటలకి 8 యూనిట్లు, పగటి రేటులో 2 పౌండ్ల 32 పెన్స్. నెలంతా వేస్తే 70 పౌండ్లు. రాత్రి కరెంటు 19 అయినా 29 కన్నా తక్కువే అన్న చిన్న లెక్క తట్టలేదు. అత్తమ్మ వచ్చిన నెల మరీ ఘోరం. పొద్దున, సాయంత్రం వేడినీళ్లు కావాలని నీళ్ల ట్యాంకుని పగటి కరెంటుతో అప్పటికప్పుడు కాచే బూస్ట్ బటన్ నొక్కేవారు. అది 3 కిలోవాట్లు, గంటకి 87 పెన్స్. ఆమెకి చెప్పలేం కదా.

"ఎకానమీ సెవెన్ తీసేసి మామూలు ఒక్క రేటుకి మారిపో" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. తొందరపడకండి. ఒక్క రేటు 25 పెన్స్ అనుకుంటే, 29, 19 రేట్లతో పోల్చినప్పుడు మీ వాడకంలో 40 శాతం రాత్రిది అయితే రెండూ సమానం. అంతకన్నా తక్కువైతే మారొచ్చు. స్టోరేజ్ హీటర్లు నిజంగా వాడుతుంటే మారితే మునుగుతారు. మాకు అది 1,500 పౌండ్లు అయ్యేది. చేయాల్సింది రాత్రి రేటు తక్కువున్న ఇంకో కంపెనీని వెతకడం. పోల్చి చూపే వెబ్‌సైట్లలో మీ వాడకం అడిగినప్పుడు వాళ్ల అంచనా వదిలేసి, బిల్లులో ఉన్న రాత్రి యూనిట్లు, పగలు యూనిట్లు విడిగా కొట్టండి. లేకపోతే వచ్చే జవాబు మీ ఇంటిది కాదు. ఫిక్స్‌డ్ డీల్ చివరి 49 రోజుల్లో ఎగ్జిట్ ఫీ (గడువుకి ముందే మానేస్తే వేసే రుసుము) లేకుండా వెళ్లిపోవచ్చు. మాకు ఆ మెయిల్ వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే. మేమేమో పగటి రేటు తగ్గిందని సంతోషిస్తూ కూర్చున్నాం. అద్దెకున్నా సరే, బిల్లు మీరే కడుతుంటే కంపెనీ మార్చుకునే హక్కు మీదే, ఓనర్ వద్దనడానికి లేదు.

ఇల్లు ఇంకా తీసుకోనివాళ్లు ఈపీసీ సర్టిఫికెట్ (ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేది) చూడండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హీటింగ్ దగ్గర ఎలక్ట్రిక్ స్టోరేజ్ హీటర్లు అని ఉందేమో చూసుకోండి. అందులో రాసిన ఖర్చు అంచనాని మాత్రం నమ్మకండి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, ధరలు సర్టిఫికెట్ ఇచ్చిన నాటివి. కొనేవాళ్లయితే హీటర్లు ఏ కాలం నాటివో అడగండి. పాతవాటికి ఎంత చార్జ్ కావాలో మనమే రేపటి చలిని ఊహించి తిప్పాలి, వేడి బయటికి వదిలే ఔట్‌పుట్ మూయడం మర్చిపోతే వేడంతా తెల్లవారకముందే అయిపోతుంది.

చవక గంటలు ఎప్పుడన్నది కూడా కంపెనీని అడిగి రాసుకోండి, ప్రాంతాన్ని బట్టి మారతాయి. మాది రాత్రి 12:30 నుంచి 7:30. మా పాత మీటర్ గడియారం వేసవి సమయానికి మారదు, కాబట్టి వేసవిలో 1:30 నుంచి 8:30. ఇది తెలియక మొదటి వేసవంతా వాషింగ్ మెషీన్ మొదటి గంట పగటి రేటులో తిప్పాం. నిజానికి వాషింగ్ మెషీన్ అయినా డ్రైయర్ అయినా నిద్రపోయేటప్పుడు వేయొద్దని ఇక్కడి ఫైర్ సర్వీస్ చెబుతుంది, దానికోసం పావలా కక్కుర్తి వద్దు.

ఫిబ్రవరిలో కంపెనీ మారాం, పగలు 30, రాత్రి 15.5. హమ్మయ్య అనుకునేలోపే మొదటి బిల్లు 199 పౌండ్లు. చూస్తే మీటర్‌లోని పగటి, రాత్రి రీడింగులు తారుమారు చేశారు. రాత్రి కాలిన 560 యూనిట్లకి పగటి రేటు, పగటి 200 యూనిట్లకి రాత్రి రేటు వేశారు. రావాల్సింది 147. మీరు కూడా చేరిన రోజే రెండు రీడింగులకీ ఫోటో తీసి, మధ్యాహ్నం ఓ గంట ఓవెన్ వేసి ఏది కదులుతుందో చూసుకోండి. కదిలింది పగటిది. నేను అలాగే చేసి, తేదీలున్న ఫోటోలతో కంప్లైంట్ పెట్టాను. ఇప్పటికి ఆరు వారాలైంది, రోజూ "పరిశీలిస్తున్నాం" అన్న మెయిలే. ఎనిమిది వారాలు దాటితే ఇలాంటి కంపెనీలపై ఫిర్యాదులు విచారించే ఎనర్జీ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. ఫారం ఇప్పటికే నింపి పెట్టుకున్నాను.