వేసవి ఫోటోగ్రఫీ శిక్షణ: ఫోనా, డీఎస్ఎల్ఆరా, ఫిల్మా?

వేసవి సెలవుల్లో పిల్లలకు ఫోటోగ్రఫీ నేర్పాలనుకునేవాళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. పదమూడేళ్లు దాటినవాళ్లు, రెండు మూడు వారాల శిక్షణ అన్న లెక్కన చూద్దాం. ఫోను, డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగల డిజిటల్ కెమెరా), ఫిల్మ్ కెమెరా, మూడింటితోనూ మంచి ఫోటోలు వస్తాయి. ఫోటో ఎందుకలా వచ్చిందో అదే రోజు పిల్లల ముందు పెట్టి చెప్పగలమా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఫోనుతో ఫ్రేమింగ్, వెలుగు దిశ, నేపథ్యం బాగానే నేర్పొచ్చు. మొదటి రెండు రోజులకు అంతకన్నా అక్కర్లేదు. ఆ తర్వాతే చిక్కు. చాలా ఫోన్లలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మారదు. ఒక్కసారి నొక్కితే ఫోనే కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, నీడలో ఉన్న ముఖాన్ని తనే వెలిగిస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకాల మసక సాఫ్ట్‌వేర్ వేసిందే, జుట్టు అంచుల్లో చూస్తే దొరికిపోతుంది. నిర్ణయం ఫోను తీసుకున్నాక పిల్లవాడికి ఏం వివరిస్తాం? ఫోనే గతి అయితే మాన్యువల్ యాప్ పెట్టి, హెచ్‌డీఆర్ (అలా ఫ్రేములు కలిపే పద్ధతి) ఆపించండి. లెన్స్ తుడిపించండి, వేలిజిడ్డు వల్లే దీపాల చుట్టూ మసక వస్తుంది.

ఫిల్మ్‌కు అభిమానులు ఎక్కువ, కారణమూ ఉంది: రోల్‌లో 36 ఫ్రేములే, కాబట్టి చూసి తీస్తారు. కానీ ఫలితం ఆలస్యం. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్‌ను ఐడీ-11 అనే డెవలపర్ ద్రావణంలో సమానంగా నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర డెవలప్ చేయడానికి 13 నిమిషాలు. ఆపై స్టాప్, ఫిక్సర్ అనే రసాయనాలు, కడగడం, ఆరబెట్టడం. ఎండాకాలంలో నీళ్లు 20 డిగ్రీల్లో ఉండవు, ఐసు గిన్నెలో సీసాలు పెట్టాలి. ఫిల్మ్ కొస స్పూల్‌కు (ఫిల్మ్ చుట్టుకునే రీలుకు) పట్టకపోతే రోల్ మొత్తం ఖాళీ. ఫిల్మ్ జరిపే లీవర్ తిప్పినప్పుడు రీవైండ్ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడటం ముందే నేర్పాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, ఏ ఫ్రేముకు ఏ షటర్ స్పీడో (వెలుగు ఎంతసేపు పడిందో) పుస్తకంలో రాసుకోమంటే మూడో రోజుకే మానేస్తారు.

పాత డీఎస్ఎల్ఆర్ ఆ లెక్కంతా ఫైల్‌లోనే దాస్తుంది. పరుగెత్తే స్నేహితుణ్ని 1/15 సెకనులో, 1/500 సెకనులో తీయించండి. ఒకే ముఖాన్ని ఎఫ్/1.8 (పెద్ద ఎపర్చర్)లో, ఎఫ్/8 (చిన్న ఎపర్చర్)లో తీయించండి. సాయంత్రం తెరమీద అంకెలతో సహా పక్కపక్కన పెడితే ఉపన్యాసం అక్కర్లేదు. అందుకే మా మొగ్గు దీనివైపే. ఇద్దరికొక కెమెరా చాలు. ఏపీఎస్-సీ సెన్సర్‌కు (ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్న సైజు సెన్సర్) 50 కన్నా 35 ఎంఎం లెన్స్ నయం. 50తో దృశ్యం ఇరుకు, గదిలో గోడకు ఆనుకోవాల్సి వస్తుంది. 18-55 కిట్ లెన్సే ఉంటే 35 దగ్గర జూమ్ రింగు కదలకుండా టేపు వేసేయండి; ఎఫ్/1.8 మాత్రం రాదు, ఉన్నంతలో పెద్ద ఎపర్చర్‌తో సరిపెట్టుకోవాలి.

చేతులు మారినప్పుడల్లా గందరగోళమే: ముందువాడు ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 3200లో, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటోను కావాలని వెలుగు లేదా చీకటి చేసే సెట్టింగ్) మైనస్ రెండులో వదిలేస్తాడు. ఆ రెండూ, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గ సర్దుబాటు), లెన్స్ మీది ఫోకస్ స్విచ్ చూశాకే తీయాలి. వ్యూఫైండర్ మసకగా ఉందని ఎవరైనా అంటే లెన్స్‌ను అనుమానించకండి, పక్కనున్న డయాప్టర్ (కంటికి తగ్గట్టు వ్యూఫైండర్ సర్దే) చక్రం తిప్పండి. ఇక ఫిల్మ్ క్రమశిక్షణంటారా, అదీ ఇక్కడే వస్తుంది: తీయగానే ఫోటో కనిపించే సెట్టింగ్ ఆపేసి, పూటకు 36 ఫోటోలే అని, డిలీట్ చేయొద్దని చెప్పండి. సమీక్షకు ఎవరివి వాళ్లు ఐదు ఎంచుకోవాలి.

ఇన్‌స్టంట్ కెమెరా (తీసిన వెంటనే ప్రింట్ ఇచ్చేది) సరదాకే, ప్రతి నొక్కూ ఖర్చు. పదేళ్ల పిల్లలుంటే కెమెరా లేకుండా సయనోటైప్ (ఎండతో నీలి బొమ్మలు వేసే పద్ధతి) మేలు: వెలుగుకు మారే రసాయనం పూత వేసిన కాగితం మీద ఆకులు పరిచి, ఎండలో పెట్టి, మామూలు నీళ్లలో కడగడమే. పూత మాత్రం పెద్దవాళ్లు చేతితొడుగులు వేసుకుని, ఎండ తగలని గదిలో ముందురోజే వేసి ఆరబెట్టాలి.