వంశవృక్షానికి గ్రాంప్స్: మేనరికాన్ని మోస్తుంది, ఫసలీని మోయదు

ఫోన్‌లో దొరికే వంశవృక్షం యాప్‌లు చాలావాటికి మన పెళ్ళిళ్ళు అర్థం కావు. అక్క కూతురిని చేసుకున్న ఇల్లు ఒక్కటి తగిలితే చాలు, చెట్టు చిక్కుపడుతుంది. గ్రాంప్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అక్కడ తట్టుకుంటుంది. వరంగల్, కరీంనగర్ వైపు కుటుంబాలకు ముందుగా ఇదే చెప్పడానికి కారణం అది. పైసా ఖర్చు లేదు, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. నెట్ అక్కర్లేదు, ఇంటోళ్ళ వివరాలు ఏ కంపెనీ సర్వర్‌లోకీ పోవు. కాకపోతే ల్యాప్‌టాప్ ఉండాల్సిందే, ఇది ఫోన్‌ యాప్ కాదు.

ఇన్‌స్టాల్ చేయడానికి ముందు ఒక నోటుబుక్కు కొనండి. పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చే ఇంట్లో ఎవరో ఒకరికి తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి వచ్చి ఉంటాయి. ముందు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఆ కూర్చున్నప్పుడే ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అడిగి రాసుకోవాలి. మగవాళ్ళ పేర్లు ఎక్కడో ఒక కాగితంలో దొరుకుతాయి. నాయనమ్మ పుట్టింటి పేరు మాత్రం తెలిసినవాళ్ళు పోతే వాళ్ళతోనే పోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. మొదట ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత వచ్చేలా మార్చుకోండి. ఎవరి వైపు నుంచి చెట్టు చూడాలో ఆ మనిషిని హోమ్ పర్సన్‌గా పెట్టండి. పెళ్ళయిన ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే అసలు పేరుగా రాయాలి, అత్తింటిది ప్రత్యామ్నాయ పేరుగా చేర్చాలి. తిరగేసి రాస్తే ఆమె తల్లిదండ్రులను వెతకడానికి దారి మూసుకుపోతుంది. గోత్రానికి ప్రత్యేకంగా గడి లేదు. అట్రిబ్యూట్ అనే చోట మనమే ‘గోత్రం’ అని పేరు పెట్టి రాసుకోవచ్చు. ఒకే ఇంటిపేరు వేర్వేరు గోత్రాల్లో ఉంటుంది కాబట్టి ఇది వదలొద్దు.

తెలుగు టైపింగ్‌కు విండోస్‌లో ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సరిపోతుంది. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టించిన పాత జాబితాను మాత్రం నేరుగా పేస్ట్ చేయకండి. అవి యూనికోడ్ కావు, పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు కన్వర్ట్ చేయించాలి.

మేనరికం సంగతి. మేనమామను చేసుకున్న అమ్మాయికి పుట్టిన పిల్లలను తీసుకుందాం. తండ్రి వైపు నాయనమ్మ, తాతలే తల్లి వైపు చూస్తే అమ్మమ్మకు అమ్మానాన్నలు. కొత్తవాళ్ళు తల్లి వైపు ఎక్కించేటప్పుడు ఆ ముసలివాళ్ళనే కొత్త మనుషులుగా మళ్ళీ చేరుస్తారు. దాంతో ఒకే మనిషి ఇద్దరవుతుంది, ఒకచోట మరణ తేదీ దిద్దితే రెండోచోట పాతదే ఉంటుంది. ప్లస్ గుర్తు నొక్కకుండా, ఉన్న మనిషిని ఎంచుకునే బటన్‌తో కలపాలి. ఇప్పటికే రెండుసార్లు ఎక్కి ఉంటే ఇద్దరినీ సెలెక్ట్ చేసి ఎడిట్ మెనూలోని మెర్జ్ వాడండి. పెడిగ్రీ చార్టులో వాళ్ళు రెండుచోట్ల కనబడతారు, అది తప్పు కాదు. ఒక్కరినే ఒక్కచోట చూడాలంటే గ్రాఫ్ వ్యూ అనే యాడాన్ వేసుకోవాలి. దానికి గ్రాఫ్‌విజ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. దత్తత పోయిన పిల్లలను కన్నవాళ్ళ కింద ఒకసారి, పెంచినవాళ్ళ కింద ‘అడాప్టెడ్’ అని ఒకసారి చూపించవచ్చు, మనిషి మాత్రం ఒక్కడే.

చుట్టరికం లెక్క చెప్పే టూల్ మనకు పెద్దగా పనికిరాదు. మేనబావ, చిన్నాయన కొడుకు ఇద్దరినీ ఫస్ట్ కజిన్ అనే అంటుంది. వరస కలుస్తుందా లేదా అన్నదే తెలియకపోతే ఇంక చుట్టరికం చెప్పి ఏం లాభం?

తేదీల దగ్గర మాత్రం గ్రాంప్స్‌కు మంచి మార్కులే వేయాలి. ‘రజాకార్ల గడబిడప్పుడు అప్పుడే నడక నేర్చింది’ అన్నది కూడా ఆధారమే. పుట్టిన తేదీ గడిలో ‘1946, 1947 మధ్య’ అని పెట్టవచ్చు, ‘సుమారు’, ‘అంతకుముందు’ అని కూడా పెట్టవచ్చు. ఆధార్‌లో జనవరి 1, స్కూలు సర్టిఫికెట్‌లో జులై 1 కనిపిస్తే ఆ ఆధారానికి నమ్మకం స్థాయి (కాన్ఫిడెన్స్) ‘లో’ (తక్కువ) అని పెట్టండి, అవి చాలావరకు అందాజుగా వేసినవే.

నిజాం కాలపు కాగితాలతో ఒక చిక్కుంది. వాటి మీద హిజ్రీ (ఇస్లామిక్ సంవత్సరం) ఉండొచ్చు, ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉండొచ్చు. గ్రాంప్స్ క్యాలెండర్లలో ఇస్లామిక్ ఉంది, హిజ్రీ తేదీని ఉన్నదున్నట్టు ఎక్కించవచ్చు. ఫసలీ లేదు. ఫసలీకి 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరం చేసుకోవాలి, అసలు అంకెను నోట్‌లో రాసిపెట్టాలి. ఫసలీ 1340 అంటే 1930-31, హిజ్రీ 1340 అంటే 1921-22. తారుమారైతే తొమ్మిదేళ్ళు తేడా వస్తుంది, తమ్ముడు అన్నకంటే ముందు పుడతాడు.

ఊళ్ళ విషయంలో దీనికి సాటి లేదు. పాలంపేటనే చూడండి. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. రాష్ట్రం కూడా అంతే: హైదరాబాద్, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. గ్రాంప్స్‌లో ఊరిని ఒక్కసారే చేర్చి, ఏ తేదీ నుంచి ఏ జిల్లా కిందిదో విడివిడిగా రాయవచ్చు. తాత పెళ్ళికి ఒక జిల్లా, మనవడి పుట్టుకకు ఇంకో జిల్లా దానంతట అదే చూపిస్తుంది. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు కాగితాలకు తాలూకా రాయాలి.

పేర్లు నింపడానికి సరుకు ఎక్కడ దొరుకుతుంది? భూమి ఉన్న కుటుంబమైతే 1954-55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) నకలు అడగండి. పట్టాదారు, సాగులో ఉన్నవాళ్ళ పేర్లు రెండూ ఉంటాయి. ఉర్దూలో ఉంటే చదివేవాళ్ళను వెంట ఉంచుకోవాలి, సర్వే నంబరు ముందే తెలిసి ఉండాలి. 2002 ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు దొరుకుతాయి. భూమి లేని కుటుంబాలకు పహాణీ ఏమీ ఇవ్వదు. అక్కడ ఆశ్రిత కులాలవాళ్ళే (ఒక కులాన్ని ఆశ్రయించి దాని వంశాలు చెప్పేవాళ్ళు) దిక్కు: రెడ్లకు పిచ్చకుంట్లవాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ఆదిలాబాద్ గోండులకు పర్ధాన్లు. గోత్రాలు, వంశాలు పాడి చెప్పే మిరాశి (తరతరాల హక్కు) వాళ్ళది. వాళ్ళు ఊరికి వచ్చినప్పుడు త్యాగం (వాళ్ళకు ఇచ్చే కట్నం) ముట్టజెప్పి, ఒప్పుకుంటేనే రికార్డు చేసుకోండి. ఆ ఆడియో ఫైలును గ్రాంప్స్‌లో మీడియాగా తగిలించవచ్చు.

ఇక్కడే ఇంకో లోపం. గ్రాంప్స్ ఫొటోలను, ఆడియోను తనలో దాచుకోదు, అవి ఎక్కడున్నాయో దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఫోల్డర్ జరిపితే బొమ్మలన్నీ మాయం. మొదటిరోజే ఒక ఫోల్డర్ చేసి, ప్రిఫరెన్సెస్‌లో దాన్నే బేస్ పాత్‌గా పెట్టండి. బ్యాకప్ తీసేటప్పుడు మీడియాను కలుపుకుంటే అన్నీ కలిసిన ఒకే జీప్యాకేజీ (.gpkg) ఫైలు వస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో ఇంట్లో పెట్టండి. చుట్టాలకు పంపే జెడ్‌కామ్ (GEDCOM, వేరే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లలోనూ తెరుచుకునేది) ఫైలులో బొమ్మలు పోవు. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసేముందు బతికున్నవాళ్ళ వివరాలు దాచే ఆప్షన్ ఎంచుకోండి, లేకపోతే అందరి పుట్టిన తేదీలూ కుటుంబ వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి.