మర్రిచెట్టు బొమ్మ వంశవృక్షం వాళ్లకు డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారేలా లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఎవరి గురించో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఫోను తెరిస్తే చాలు, మర్రిచెట్టు బొమ్మ, కొమ్మకొకరు చొప్పున తలపాగా పెట్టుకున్న ముసలివాళ్లు, కింద ‘బ్రిటిష్ కాలపు రికార్డులతో ఏడు తరాల మీ వంశం’ అని హామీ. డబ్బు తీసుకుని వంశచరిత్ర వెతికి ఇస్తామనే ఆ సంస్థవాళ్లే. పేరు బయటపెడితే పరువునష్టం దావా వేస్తామని ముందే బెదిరించారు కాబట్టి పేరు రాయడం లేదు. వారి పరువు అంత విలువైనది మరి.

వచ్చే నెల మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం. ఆయన తాతగారి వరకు పేర్లు మాకు తెలుసు. అంతకుముందు ఎవరో, ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చారో తెలిస్తే ఆ రోజు అందరి ముందూ చదివి వినిపించాలని ఆశ. ముప్పై రెండు వేలన్నారు. సగం ముందు, సగం కాగితాలు అందాక. ఒప్పుకున్నాను. నేను చెప్పింది రెండే రెండు ముక్కలు. మాది పిఠాపురం దగ్గర పల్లె, ఒకప్పుడు పిఠాపురం జమీందారీలోది. మావాళ్లు ఒకరి భూమి కౌలుకు చేసుకుని బతికినవాళ్లు, సొంతానికి సెంటు భూమి లేదు. ఈ రెండూ వాళ్ల చెవికెక్కలేదని తర్వాత తెలిసింది.

అట్ట మీద బంగారు అక్షరాలతో పెద్ద పుస్తకం వచ్చింది. నాన్నగారు కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేజీలోని ‘మూలపురుషుణ్ణి’ చాలాసేపు చూసి, ‘ఈయన ఎవరురా?’ అన్నారు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

ఆ మూలపురుషుడికి 64 ఎకరాల మాగాణి. రుజువుగా 1889 నాటి పట్టా నకలు, కింద కలెక్టరు ముద్ర. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మా బావగారికి చూపిస్తే ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వారు. జమీందారీ ఊళ్లో రైతుకు కలెక్టరు పట్టా ఇవ్వడమేమిటి? అక్కడ పట్టా ఇచ్చేది జమీందారు, దానికి బదులుగా రైతు ముచ్చలిక అనే ఒప్పుకోలు పత్రం రాసిచ్చేవాడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, ఆ తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగితేగానీ అటువంటి ఊళ్లలో సర్కారు రైత్వారీ పట్టా (జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలోది) అన్న మాటే లేదు. అది చాలదన్నట్టు కాగితం నెత్తిన ‘తూర్పు గోదావరి జిల్లా’ అని ఉంది. ఆ పేరు వచ్చింది 1925లో, పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు. 1889లో ఉన్నది ఒట్టి గోదావరి జిల్లా. కాగితం మధ్యలో ఫసలీ 1310 అని మరో అలంకారం. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కలిపి చూడండి, 1900 జూలైలో మొదలైన ఫసలీ అది. అంటే మా మూలపురుషుడు పదకొండేళ్లు ముందుగానే పట్టా పుచ్చుకున్నాడు. ఎంత దూరదృష్టి!

తర్వాతి పేజీలో 1881 జనాభా లెక్కల పత్రమట. ఇంటిల్లిపాదీ పేర్లు, వయసులు, ఆఖరికి పసిపిల్ల పేరుతో సహా. ఆనాటి జనగణన సంపుటాల్లో అచ్చయినవి ఊళ్ల, కులాల, వృత్తుల లెక్కలు. ఇంటింటి పేర్లు రాసుకున్న కాగితాలు అడిగితే ఇచ్చే చోటు మన దేశంలో ఎక్కడా లేదు.

నాన్నగారి చిన్నతాత కూలి పనికి బర్మాలోని రంగూన్ వెళ్లాడు. 1941 డిసెంబరులో ఆ ఊరి మీద బాంబులు పడ్డాక ఆయన జాడ లేదు. ఆ సంగతి మాటల్లో అన్నందుకు ఆయన పేరున నంబరు వేసిన ‘వలస పాసు’ ఒకటి తయారైంది. తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటి మీది గుర్తులు అన్నీ ఉన్నాయి. మారిషస్‌కో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కో ఒప్పంద కూలీలుగా వెళ్లినవారికి ఇలాంటి వివరాలు రాసిపెట్టారు. మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నేటికీ ఉన్నాయి. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి, కూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీల వెంట బర్మా వెళ్లినవారిది ఆ పద్ధతి కాదు. ఎక్కడో నటాల్ పాసు నమూనా దొరికితే దానిలో మా చిన్నతాతను కూర్చోబెట్టారు. తిరిగి రాని మనిషితో ఈ ఆటలేమిటి?

ఇంతవరకూ మోసం. అసలు మంట ఆ తర్వాత ఫోనులో.

ఇవన్నీ వరసగా అడిగాను. అవతలి ఆయన, మంచి మృదువైన గొంతు, కొంచెం కూడా తడబడలేదు. ‘పొలం చూపిస్తే అందరూ సంతోషిస్తారు సార్. పొలం వద్దన్నవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను’ అన్నాడు. మావాళ్లకు భూమి లేదని మొదటి రోజే చెప్పాను కదా అన్నాను. దానికి ఆయన అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: ‘భూమి లేనివాళ్లకు చరిత్ర ఎక్కడుంటుంది సార్? మేమే ఏదో ఒకటి చేసి ఇవ్వాలి.’

నాకు మాట రాలేదు. మా ముత్తాత చేసిన ప్రతి పంటలో కౌలు కొలిచి ఇచ్చాక మిగిలినదే ఇంటికి వచ్చింది. ఆ మిగిలినదాంతో మమ్మల్ని ఇంతవాళ్లను చేసిన మనిషికి చరిత్ర లేదట! నా మౌనాన్ని బేరం అనుకున్నాడేమో, ‘పోనీ ఎకరాలు తగ్గించి మళ్లీ వేసి పంపిస్తాం, ఫ్రేము ఉచితం’ అన్నాడు.

పట్టా పుస్తకాల్లో కౌలుదారు పేరు, పాలేరు పేరు ఉండదన్నది నిజమే. శిస్తు ఎవరి పేరున కడితే పేరు వాళ్లది. నిజాయితీ ఉన్నవాడు ఆ ముక్క చెప్పి ‘దొరకలేదు’ అని రాసిచ్చినా నేను డబ్బు ఇచ్చేవాణ్ణి. అయినా వెతికే చోట్లు లేకపోలేదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత కౌలు, తాకట్టు దస్తావేజులు ఉంటాయి. అందులో ‘ఫలానావారి కుమారుడు’ అని రాస్తారు, సాక్షులుగా వేలిముద్రలు వేసినవాళ్లలోనూ మనవాళ్లు తగలవచ్చు. గ్రామ జనన మరణాల రిజిస్టరు మిగిలి ఉంటే అదొకటి. గయలో పిండాలు పెట్టి వచ్చినవారుంటే అక్కడి పురోహితులైన పండాల పుస్తకాలు. వీటిలో ఒక్కదాని గడపైనా వీళ్లు తొక్కలేదు.

ఇక నా తెలివి సంగతి. మా నాయనమ్మ పురోహితుడి చేత రాయించుకున్న తద్దినాల పుస్తకం మా ఇంట్లో ఉండేది. ఎవరు ఏ తిథినాడు పోయారో, ఏ ఊరి పిల్లను చేసుకున్నారో అందులో ఉంది. ‘అసలు ప్రతి అయితేనే సిరా పరీక్ష చేయగలం’ అంటే జిరాక్సు కూడా తీసుకోకుండా కొరియరులో పంపిన మహానుభావుణ్ణి నేనే. సిరా పరీక్షట! ఇప్పుడు మిగతా పదహారు వేలూ కడితేనే పుస్తకం వెనక్కి పంపిస్తారట. మా పెద్దల పేర్లు తాకట్టులో ఉన్నాయి, అదీ మా డబ్బుతోనే.

కట్టబోయేవాళ్లకు రెండు మాటలు. అసలు కాగితం ఏదీ చేయి దాటనివ్వకండి. నకలు ఇస్తామన్నవాళ్లను అది ఏ కార్యాలయంలో, ఏ రిజిస్టరులో, ఏ నంబరు కింద దొరికిందో ముందే రాతపూర్వకంగా అడగండి. మీ ఊరు అప్పట్లో జమీందారీయా, ఇనామా (దానంగా ఇచ్చినదా), సర్కారీయా అన్నది ఊళ్లో పెద్దవాళ్లను కనుక్కుంటే సగం దొంగ కాగితాలు మీరే పట్టేస్తారు. నేను వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. పుస్తకం కోసం పోలీసు స్టేషనుకూ వెళుతున్నాను. వీళ్ల చేతిలో మీ ఇంటి కాగితాలు కూడా ఇలాగే ఇరుక్కుని ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి. చేసినవారు ఇక్కడ చెబితే అందరివీ కలిపి ఇద్దాం.