ఆరు సెమిస్టర్లు వీడియో క్లాసులు విన్నాక: కెమెరా కాదు, మైక్ చూసుకోండి

కెమిస్ట్రీ డిగ్రీలో నా థియరీ క్లాసులు దాదాపు అన్నీ వీడియోలోనే జరిగాయి. ఒక మేడం జూమ్‌లో చెప్పేవారు, ఇంకో సార్ గూగుల్ మీట్‌లో. ఏది మంచిదని చాలామంది అడుగుతుంటారు. క్లాసు వినడానికైతే నాకు పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా మన వైపు ఏర్పాట్లలోనే ఉంది.

చేరగానే నేను చేసిన మొదటి తప్పు మంచి వెబ్‌క్యామ్ కొనడం. జూమ్‌లో ఒక స్క్రీన్ మీద 25 మంది, కంప్యూటర్‌కు సత్తా ఉంటే 49 మంది కూడా కనిపిస్తారు. అన్ని గళ్లలో ఒక గడిలో నా ముఖం ఎంత స్పష్టంగా ఉంటే ఎవరికి కావాలి? మొదటి నెలలో ధైర్యం చేసి ఒక డౌట్ అడిగాను. "వినబడట్లేదమ్మా" అన్నారు మేడం. గట్టిగా అడిగాను. మూడోసారికి "చాట్‌లో రాసెయ్ అమ్మా" అని ముందుకు వెళ్లిపోయారు. లాప్‌టాప్‌లో ఉన్న మైక్ నా గొంతుతో పాటు దాని సొంత ఫ్యాను మోతనూ, కీబోర్డు టకటకలనూ మోసుకెళ్తోందని రికార్డింగ్ విన్నాకే తెలిసింది.

తర్వాత బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తీసుకున్నాను. పాటలకు బ్రహ్మాండం. క్లాసులో మైక్ ఆన్ అయిందంటే మాత్రం సార్ గొంతు పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అయిపోయేది. మామూలు బ్లూటూత్‌లో పాటలు వినిపించే పద్ధతి వేరు, మైక్ కూడా పనిచేసే కాల్ పద్ధతి వేరు. మైక్ అందుకోగానే రెండో పద్ధతికి మారి నాణ్యత పడిపోతుంది. పైగా మూడో క్లాసు మధ్యలో చార్జింగ్ అయిపోతుంది. చివరికి నన్ను గట్టెక్కించింది ఫోన్‌కు వాడే మామూలు వైరు ఇయర్‌ఫోన్స్. మైక్ నోటికి దగ్గరగా ఉంటుంది, చార్జింగ్ గొడవ లేదు. ఇప్పటికి మూడో జత వాడుతున్నాను. వెబ్‌క్యామ్ సొరుగులో ఉంది.

నెట్ సంగతీ అంతే, మాట ఆగకుండా ఉంటే చాలు. జూమ్ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం మాటకు 60 నుంచి 80 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) సరిపోతుంది. గ్రూప్ కాల్‌లో మంచి వీడియో కావాలంటే 600, ఆ పైన. అంటే 80 చొప్పున గంటసేపు వింటే 36 ఎంబీ అవుతుంది. గొంతు ముక్కలు ముక్కలుగా రావడం మొదలైతే నేను ముందు నా కెమెరా ఆపుతాను, అయినా కుదరకపోతే అవతలివాళ్ల వీడియో కూడా రాకుండా ఆపేస్తాను. జూమ్‌లో ఆ ఆప్షన్ ఉంది. వైఫైలో రెండు రకాల సిగ్నళ్లు ఉంటాయి: 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ మైక్రోవేవ్ ఓవెన్ ఆన్ చేసినా తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటలేక నీరసపడుతుంది. నా గదికీ రౌటర్‌కూ మధ్య రెండు గోడలు. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు కేబుల్ వేసుకున్నాక ఆ టెన్షన్ పోయింది. కరెంటు పోతే పనికొస్తుందని ఫోన్‌లోనూ లింక్ తెరిచి ఉంచుతాను. ఒకసారి రెండింట్లోనూ మైక్, స్పీకర్ ఆన్‌లో ఉండిపోయి క్లాసంతా కుయ్యిమని కూత. ఇప్పుడు ఫోన్‌లో ఆడియోకు అసలు కనెక్ట్ అవ్వను.

క్లాసుకు ముందు నేను తీసుకునే టైము పదిహేను నిమిషాలు. లాప్‌టాప్ ముందే రీస్టార్ట్ చేస్తాను, ఎందుకంటే అప్‌డేట్ అడిగేది ఎప్పుడూ క్లాసు మొదలయ్యే నిమిషంలోనే. స్లైడ్లు ముందే పంపితే ఒకసారి తిరగేసి, అర్థం కాని చోట ప్రశ్న టైప్ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుంటాను. క్లాసులో ఆ విషయం రాగానే చాట్‌లో పేస్ట్ చేయడమే. అప్పటికప్పుడు టైప్ చేస్తూ కూర్చుంటే ప్రశ్న పూర్తయ్యేసరికి సార్ రెండు స్లైడ్లు దాటి ఉంటారు. ఈ చిన్న అలవాటు వల్ల నేను అడిగిన డౌట్లు రెట్టింపు అయ్యాయి.

నోటితో అడగాలంటే ఇంకో చిక్కు. గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ ఇబ్బంది పెట్టడం మొదలవుతుందని టెలికాం ప్రమాణాలు చెప్తాయి. అనుభవంలో అది ఇలా ఉంటుంది: ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఆగుతాం, "మీరు చెప్పండి", "కాదు మీరే". విండోస్‌లో జూమ్ వాడుతుంటే ఆల్ట్, వై కలిపి నొక్కితే చెయ్యెత్తినట్టు కనిపిస్తుంది. మ్యూట్‌లో ఉండగా స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే నొక్కినంతసేపే మైక్ ఆన్‌లో ఉంటుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటైతే చాలు.

అలసట గురించి. రోజుకు నాలుగు క్లాసులు కూర్చునే విన్నా సాయంత్రానికి ఒళ్లు హూనమయ్యేది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు రాశారు: ముఖాలన్నీ దగ్గరగా మనవైపే చూడటం, మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం, కదలకపోవడం, సైగలను పోల్చుకోవడానికి మెదడు ఎక్కువ కష్టపడటం. రెండోది నా విషయంలో అక్షరాలా నిజం. స్పెక్ట్రోస్కోపీ క్లాసు మొత్తం జుట్టు సర్దుకుంటూ గడిపిన రోజు ఉంది. మన గడి మనకు కనిపించకుండా దాచే ఆప్షన్ పెట్టుకున్నాక కాస్త తేరుకున్నాను.

అన్నిటికన్నా నన్ను ముంచింది రికార్డింగ్. "ఎలాగూ రికార్డ్ అవుతోందిగా" అనుకున్న రోజున చెవులు మూసుకున్నట్టే. మొదటి సెమిస్టర్‌లో 31 రికార్డింగులు దాచుకుని నాలుగు చూశాను, అవీ పరీక్ష ముందు రోజు ఒకటిన్నర స్పీడులో. ఇప్పుడు కాగితం మీద చేత్తో నోట్సు రాస్తాను. పట్టు తప్పిన చోట గడియారం చూసి "10:42, ఇక్కడ పోయింది" అని రాసుకుంటాను. సాయంత్రం ఆ ఐదు నిమిషాలే చూస్తాను.

గ్రూప్ స్టడీకి ఉచిత జూమ్‌లో 40 నిమిషాల పరిమితి ఉంది. మొదట విసుక్కున్నాం. తర్వాత చూస్తే కబుర్లు మానేసి పాఠం ముగించడానికి అదే పనికొచ్చింది. క్లాసు మధ్యలో ఐదుగురేసి చిన్న గ్రూపులుగా విడగొట్టే బ్రేకౌట్ రూములు మాత్రం నాకు ఇప్పటికీ పడవు. ఐదు నల్ల గళ్లు, ఎవరూ నోరు విప్పరు. ఎవరో ఒకరు "నేను మొదలుపెడతాను" అనాలి, ఆ ఒకరు ఎప్పుడూ నేనే అయ్యాను.

ల్యాబ్‌కు మాత్రం వీడియో క్లాసు పనికిరాదు. టైట్రేషన్ అంటే ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని చుక్కచుక్కగా వదిలి కొలవడం. అందులో ఫినాల్ఫ్తలీన్ అనే రంగు సూచిక లేత గులాబీ రంగుకు తిరిగే చుక్క దగ్గర ఆపాలి, దాన్నే ఎండ్ పాయింట్ అంటారు. కెమెరా తనంతట తానే రంగులు సర్దుకుంటుంది కాబట్టి స్క్రీన్ మీద ఆ గులాబీ తెల్లగానే కనిపించింది. "వచ్చిందా, కనిపించిందా?" అని సార్ అడిగితే అందరం "వచ్చింది సార్" అన్నాం. మొదటిసారి ల్యాబ్‌లో నా చేత్తో చేసినప్పుడు ఎండ్ పాయింట్ దాటించి, ఫ్లాస్కులో ముదురు గులాబీ తెప్పించాను.