కడప ఎండల్లో మారుతీ జెన్: కొన్ననాటి నుంచి అమ్మేదాకా

మా జెన్‌ను అమ్మేశాను. 2004 మోడల్, ఎల్ఎక్స్ఐ, పెట్రోలు బండి, ఏపీ 04 నంబరు. షోరూంలో కొన్నప్పటి నుంచి ఆర్సీలో నా పేరు తప్ప ఇంకో పేరు ఎక్కలేదు. పాత జెన్ కొందామనుకునేవాళ్ళకూ, ఇంట్లో ఉన్నదాన్ని అమ్ముదామనుకునేవాళ్ళకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్తా: మోడల్ సంవత్సరం ఒక్కటే చూసి పాత బండికి రేటు కట్టడం అన్యాయం. ఎట్లా చూసుకున్నారో చూసి కట్టాలి. బజారు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. కాగితాలు చేతిలో ఉంటే ఒప్పించొచ్చు.

జెన్ 1993లో వచ్చింది, 2006లో ఆగిపోయింది. ఆ తర్వాత జెన్ ఎస్టిలో అని వచ్చింది వేరే బండి, దాన్ని దీంతో పోల్చొద్దు. అసలు జెన్ గొప్పదనమంతా ఇంజిన్లో ఉంది. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, బ్లాకూ, దాని మీద కూర్చునే హెడ్డూ రెండూ అల్యూమినియమే. మొదట్లో కార్బురేటర్‌తో 50 హార్స్‌పవర్ ఇచ్చేది, ఎంపీఎఫ్ఐ (పెట్రోలును లెక్కగా చిమ్మే పద్ధతి) వచ్చాక 60 అయింది. ఇప్పటి లెక్కల్లో ఇది చాలా తక్కువే. కానీ బండి బరువు కూడా తక్కువ కాబట్టి తొక్కిన వెంటనే కదులుతుంది. స్టీరింగు పట్టుకుంటే ముందు చక్రం ఏ గుంత అంచు మీద ఉందో చేతికి తెలుస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న కొత్త కారులో సౌకర్యాలు ఎన్నో ఉన్నాయి, ఆ తెలియడం మాత్రం లేదు.

కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా, బండి సత్తా తేలేది అక్కడే. నలుగురం కూర్చుని, ఏసీ వేసుకుని, ముందర లోడు లారీ పాకుతా ఉంటే, వంపు తిరిగి దారి కనపడగానే సెకండ్ గేర్లో తొక్కితే చాలు, దాటుకుని పోయేది. మే నెల మధ్యాహ్నాలు మినహా ఏసీ ఆపాల్సిన పని రాలేదు. ఘాట్ దాటి పాలకోవా అంగళ్ళ దగ్గర ఆపినప్పుడు, అందరూ దిగాక నేను మాత్రం టెంపరేచర్ ముల్లు చూసుకుని దిగేవాణ్ణి. సగానికి కింద ఉంటే మనసు నిమ్మళంగా ఉండేది. రేణిగుంట రోడ్డులో ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతికి పోయినప్పుడు మైలేజీ లీటరుకు 16కు తగ్గింది లేదు. నెమ్మదిగా పోతే 18 ఇచ్చేది.

ఆ ముల్లు మీద అంత ధ్యాస ఎందుకంటే, ఈ ఇంజినుకు బలాన్నిచ్చే అల్యూమినియమే బలహీనత కూడా. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది. హెడ్డు వంగితే దాని కింద ఉండే గ్యాస్కెట్ పోతుంది, ఇంజినును చల్లబరిచే కూలెంటు పోయి ఇంజినాయిల్లో కలుస్తుంది, ఆయిలు మూత లోపల పాల మీగడ రంగులో జిగురు కనిపిస్తుంది. 42, 43 డిగ్రీలు కాసే ఊళ్ళో ఈ బండి ఇన్నేళ్ళు హెడ్డు విప్పకుండా నడిచిందంటే దానికి కారణం కూలింగ్ సిస్టమ్‌ను చూసుకోవడమే.

ఇక్కడ మన కడప వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మన నేలలో సున్నపురాయి ఉంది, ఇంటి గచ్చుకు వేసే కడప బండ కూడా సున్నపురాయే. బోరు నీళ్ళలోకి ఆ సున్నం దిగుతుంది. రేడియేటర్లో నీళ్ళు తగ్గాయని చెంబుతో బోరు నీళ్ళు పోస్తే, నీళ్ళు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్టే లోపలి సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. పైకి రేడియేటర్ బాగానే కనిపిస్తుంది, గాలీ తగులుతుంది, ఫ్యానూ తిరుగుతుంది, అయినా ఇంజిను చల్లబడదు. మా బండికి డిస్టిల్డ్ వాటరు కలిపిన కూలెంటు తప్ప వేరేది పోయనివ్వలేదు. డిక్కీలో ఎప్పుడూ ఒక క్యాను ఉండేది.

ఇంకొకటి. ఎండ ప్రాంతాల్లో చాలా షెడ్లలో థర్మోస్టాట్ వాల్వు (ఇంజిను వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్లోకి పోనివ్వనిది) తీసేస్తారు, "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అంటారు. తీసేస్తే ఇంజిను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంజిను ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంజిను కంప్యూటరు, అదే ఈసీయూ, పెట్రోలు ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది. పాత జెన్ కొనేటప్పుడు ఆ వాల్వు ఉందో లేదో అడగండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కూడా అడగండి, బిల్లు చూపించమనండి. మార్చినప్పుడే వాటర్ పంపు కూడా మార్చి ఉంటే ఆ ఓనరు బండిని బాగా చూసుకున్నాడని అర్థం.

బాడీ సంగతికొస్తే, సముద్రం పక్క ఊళ్ళలో తిరిగిన బండ్లకు పట్టే తుప్పు మన రాయలసీమ బండ్లకు పట్టదు. డోర్ల అడుగున, స్పేర్ టైరు గుంతలో వేలు పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. అయితే ఎండ వేరే విధంగా తింటుంది. బానెట్ మీద మెరుపు పోయింది, డోర్ బీడింగులు గట్టిపడి పగిలాయి, డ్యాష్‌బోర్డు రంగు వెలిసింది. ఇంజిను సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. బీడింగులు, హెడ్‌ల్యాంపులు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు ఒరిజినల్‌వి కావాలంటే బెంగళూరు జేసీ రోడ్డులో అంగడి అంగడీ తిరగాల్సిందే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు బంకుల్లో మామూలైపోయాక ఫ్యూయల్ పైపులు కొత్తవి వేయించాను. 2004 నాటి రబ్బరును అంత ఇథనాల్ తట్టుకోవడానికి తయారు చేయలేదు.

లోపాలూ చెప్పాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోనివ్వని ఏబీఎస్ లేదు. నేషనల్ హైవే మీద రాత్రిపూట పిల్లల్ని ఎక్కించుకుని పోయేటప్పుడు ఈ విషయం గుర్తుకు రాకుండా ఉండదు. వెనక సీట్లో పొడుగాటి మనిషికి మోకాళ్ళు తగులుతాయి. సీట్లు బాగా కింద ఉంటాయి. నేను అమ్మింది ఆఖరుకు దీని గురించే. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. రిమ్స్ ఆస్పత్రికి తీసుకుపోయిన ప్రతిసారీ దిగడానికి నా భుజం పట్టుకుని లేవాల్సి వచ్చేది. ఆమె కూర్చోలేని బండి ఇంట్లో ఎంత మంచిదైనా ఎందుకని ఎత్తు సీట్ల బండి తీసుకున్నాం. రెండు బండ్లు పెట్టుకునే స్థలం లేదు.

వయసు మీరిన బండికి ఆర్సీ ఒక ఖర్చు. కొత్త కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యూవల్. 2019లో చేయించినప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు, 2024లో అదే కట్టాను, గ్రీన్ ట్యాక్సు వేరే. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు లైట్లు, ఇండికేటర్లు, బ్రేకులు చూశాక ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అడిగాడు. నంబరు మీద పేరుకున్న దుమ్మూ గ్రీజూ ముందురోజే తుడిచి పెట్టుకున్నాను కాబట్టి కాగితం పెట్టి పెన్సిలు రుద్దగానే అంకెలన్నీ స్పష్టంగా పడ్డాయి. అమ్మేనాటికి 2029 దాకా ఆర్సీ ఉంది. కొనేవాళ్ళకు ఇది పెద్ద ఊరట, బేరంలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ముందు ఒక బ్రోకరు వచ్చాడు. బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి "ఇరవై ఏళ్ళ బండి అన్నా, 30కి మించి ఎవురూ పెట్టరు" అన్నాడు. బానెట్ ఎత్తమని కూడా అనలేదు. ఇంకొకాయన బెంగళూరు నుంచి ఫోన్ చేసి ఇంజినూ గేర్‌బాక్సూ మాత్రం చాలు, వేరే బండిలోకి వేసుకుంటాం అన్నాడు. ఆయన చెప్పిన రేటు బ్రోకరుకన్నా మేలే. నాకు మనసొప్పలేదు. నడిచే బండిని ముక్కలు చేయడానికి ఇవ్వలేను.

ఆఖరుకు మైదుకూరు దగ్గర స్కూల్లో పనిచేసే ఒక టీచరు వచ్చాడు. వెంట వాళ్ళ నాన్న, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన పెద్దాయన. ఆయన వస్తూనే బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు.

"పొద్దున ఒకసారి స్టార్ట్ చేసినావా నాయనా?"

"లేదు పెద్దాయనా. మీరొచ్చి చూస్తారనే ముట్టుకోలేదు."

అప్పుడు కొడుకును సీట్లో కూర్చోబెట్టి సెల్ఫు కొట్టమన్నాడు. మొదటి తిప్పుకే అందుకుంది. వెనక్కి పోయి సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ రంగు చూశాడు. ఆయిలు మూత తీసి లోపలివైపు వేలితో రాసి చూసుకున్నాడు. తర్వాత ఏసీ వేసి, ఫ్యాను తిరిగి ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను బిల్లుల ఫైలు తెచ్చిచ్చాను, సర్వీసులవీ, క్లచ్ ప్లేటుదీ, టైమింగ్ బెల్టుదీ, బుష్‌లవీ అన్నీ వరసగా పెట్టినవి. ఒక్కొక్కటీ తిప్పి చూసి కొడుకుతో "ఈ బండి మనం కొనొచ్చురా" అన్నాడు. 75 అడిగాను, 68 వేలకు తెగింది. ఆ మోడలుకు బజార్లో అంత పలకదు. ఆ తేడా మొత్తం ఫైలుకు వచ్చిన డబ్బు అని నా నమ్మకం.

బండి ఇచ్చేసి డబ్బు తీసుకున్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఎవరి పేరున రిజిస్ట్రేషన్ ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. మనం అమ్మిన బండి రేపు ఎక్కడన్నా ప్రమాదం చేస్తే నష్టపరిహారం కేసు మన మీదికే వస్తుంది. అందుకే బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు ప్రతులూ, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30 సంతకాలు పెట్టుకున్న రోజే ఇద్దరం కూర్చుని ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు చేశాం. రాష్ట్రంలోనే అమ్మితే మనం 14 రోజుల్లో ఆర్టీయేకు (రవాణా శాఖ ఆఫీసుకు) తెలపాలి, కొన్నవాళ్ళకు 30 రోజులు. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అట్లే మిగిలిపోయిన వాళ్ళు బ్యాంకు ఎన్వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), లోను తీరిందని తెలిపే ఫారం 35 పెట్టి ముందే తీయించుకోవాలి. బ్రోకరుకు గానీ సెకండ్ హ్యాండ్ డీలరుకు గానీ ఇస్తే, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవద్దు. 2023 ఏప్రిల్ నుంచి ఆథరైజేషన్ ఉన్న డీలరుకు ఇస్తే, బండి ఆయన చేతికి వెళ్ళినట్టు ఫారం 29సీతో ఆర్టీయేకు తెలపాలి, అక్కడి నుంచి బాధ్యత ఆయనది. ఆ ఫారం పెట్టనన్నవాళ్ళకు బండి ఇవ్వకపోవడమే మంచిది.

ఈ వయసు బండికి మాకున్నది థర్డ్ పార్టీ పాలసీయే. అది కూడా 14 రోజుల్లోపల తన పేరుకు మార్పించుకోమని టీచరుకు చెప్పి, ఆయన దరఖాస్తు కాపీ ఫోన్లో పెట్టించుకున్నాను. ఫాస్టాగ్ నేనే క్లోజ్ చేయించాను. అది అట్లే ఉంటే ఆయన దాటే ప్రతి టోల్‌గేటుకూ నా ఖాతాలోంచి పోతుంది. కొత్త ఆర్సీ ఆయన పేరు మీద వచ్చిందని ఆన్‌లైన్‌లో చూసుకున్నాక, ఇంట్లో దాచిపెట్టిన జేసీ రోడ్డు బీడింగులూ, ఒక ఒరిజినల్ హెడ్‌ల్యాంపూ మైదుకూరు బస్సులో పంపించేశాను.